నీళ్ళు పడని కంప్యూటరు

మధ్యాహ్నం నంద్యాలలో బంగారంలా తెరుచుకున్న కంప్యూటరు, ఆళ్ళగడ్డలో ఇంటికి తెచ్చి స్విచ్ వేసేసరికి మళ్ళీ మొండికేసింది. తెర మీద ప్రసన్న పేరు, దాని కింద గిర్రున తిరిగే సున్నా. అంతే. లోపలికి పోదు, వెనక్కి రాదు.

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. నాలుగింటికి ప్రసన్నకు ఇంటర్వ్యూ. బెంగుళూరు కంపెనీ, ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం. పని చేయబోయే కంప్యూటరులోనే కనబడాలి, ఫోనులో కుదరదు అని వాళ్ళు ముందే తెగేసి చెప్పారు. ఈ పిలుపు కోసం ఆమె ఎంతగా ఎదురుచూసిందో ఆమెకే తెలుసు.

ఆ కంప్యూటరుకు తాళంచెవి ప్రసన్న ముఖమే. ఎదురుగా కూర్చుంటే చాలు, చూసి గుర్తుపట్టి అదే తెరుచుకునేది. ఆ సుఖానికి అలవాటు పడి, కొన్న రోజు పెట్టుకున్న పిన్ నంబరు శుభ్రంగా మరిచిపోయింది. ఇప్పుడు జుట్టు సర్దుకుంది. కళ్ళజోడు తీసింది, మళ్ళీ పెట్టుకుంది. పెళ్ళిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా కూర్చుంది. ఎవరమ్మా నువ్వు అన్నట్టుంది కంప్యూటరు.

ఇక లాభం లేదని, నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే కిరణ్‌కు ఫోన్ కలిపింది.

"మళ్ళీ నిలబడిపోయింది కిరణ్."

"యాడక్కా?"

"యాడేంది, ముందర ఆగిన తావునే. పేరు చూపిస్తాది, ఆడనే ఆగిపోతాది."

"నా కాడ బాగనే తెరుచుకుండె కదక్కా. నిన్నా అంతే. బల్ల మీద పెట్టి, దుమ్ము తుడిచి, స్విచ్ వేస్తినో లేదో నిన్ను చూసి తెరుచుకుండె."

"నీ కాడ తెరుచుకుంటే నాకేం లాభమప్పా? ఇంటర్వ్యూ ఈడ."

"పిన్ కొట్టి చూడక్కా."

"తోచినవన్నీ కొట్టినా. ఇంక కొట్టద్దని అది కూడా మూసేసింది."

కరెంటు తీసి మళ్ళీ పెట్టమన్నాడు కిరణ్. పెట్టింది. నెట్ వైరు పీకమన్నాడు. పీకింది. బస్సు కుదుపులకు లోపల ఏదైనా కదిలిందేమో, మెల్లగా తట్టి చూడమన్నాడు. నిన్నా ఇవాళా దాన్ని చంటిబిడ్డలా దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తిప్పిన కోపమంతా చేతిలోకి వచ్చి, ప్రసన్న కాస్త గట్టిగానే తట్టింది. సున్నా మాత్రం నింపాదిగా తిరుగుతోంది.

"దానికి ఆళ్ళగడ్డ నీళ్ళు పడలేదేమోక్కా," అన్నాడు కిరణ్.

నవ్వించబోయాడు పాపం. ప్రసన్నకు ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ తలెత్తితే, వంటింటి గడప దగ్గర అత్త భారతమ్మ నిలబడి ఇటే చూస్తోంది. చూపు కలవగానే తల తిప్పేసుకుంది.

అప్పుడు తట్టింది ప్రసన్నకు. నిన్న నంద్యాల నుంచి వచ్చి, కంప్యూటరును బల్ల మీద పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అత్త దాని దగ్గర నుంచి గబుక్కున పక్కకు జరిగింది. ఇందాకా అంతే జరిగింది. ఇది ఇంటికొచ్చిన మొదటి రోజు ఈ అత్తే కదా, "ఇంట్లో కూచోని దీంతో మాట్లాడితే జీతమిస్తారా? ఏం ఉద్యోగమో" అని మూతి తిప్పింది.

"కిరణ్, ఎవురన్నా దీన్ని ముట్టుకుంటే ఇట్లయితాదా?" గొంతు తగ్గించి అడిగింది.

"ముట్టుకుంటే ఏం కాదక్కా. కావాలని ఏమన్నా చేస్తే మాత్రం చెప్పలేం."

ప్రసన్నకు ఒళ్ళు మండిపోయింది. కోడలు ఉద్యోగం చేయడం ఇష్టం లేకపోతే ముఖం మీదే చెప్పొచ్చు. నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడం ఎందుకు? గడియారం చూస్తే నాలుగుకు పది నిమిషాలు కూడా లేవు. ఇక మొహమాటపడితే ఉద్యోగం చేజారినట్టే.

"అత్తా, ఇట్ల రా."

భారతమ్మ గుప్పిట మూసుకుని మెల్లగా వచ్చింది. "ఏందీ? నాలుగు కొట్టబోతాండాది, ఇంగా ముఖం కూడా కడుక్కోకపోతివి."

"నేను పెరట్లోకి పోతానే దీని కాడ నీకేం పని? నిజం చెప్పు. ఏం చేస్తాండావు దీన్ని?"

భారతమ్మ ముఖం చిన్నబోయింది. ఫోనులో కిరణ్ దగ్గు కూడా ఆపుకున్నాడు.

"చెప్తే నవ్వుతావని చెప్పలే," అంది భారతమ్మ.

"నవ్వేదేముంది? నాకు ఈ ఉద్యోగం రాగూడదు, అంతే కదా?"

"రాగూడదా?" భారతమ్మ తెల్లబోయింది. "పొద్దున్నుంచి ఒక్కపొద్దుండాను కదే, నీకు ఈ ఉద్యోగం రావల్లని. తిక్కదానా, ఇట్ల తిరుగు, నీకూ పెట్టనీ."

గుప్పిట విప్పింది. లోపల కాటుక డబ్బీ.

"వీధిలో వాళ్ళందరి కండ్లూ దీని మీదనే ఉండాయి, అందుకే నీకు పిలుపొచ్చిన నాడే దీనికి దిష్టిచుక్క పెడితి, ఊరికి పోయి చెరిగిపోయి వచ్చినప్పుడల్లా మళ్ళీ పెడతాండా. పైన నడిమధ్యన చిన్న గాజు కన్ను ఉండాదే, సరిగ్గా దాని మీద, నల్లదాంట్లో నల్లగా కలిసిపోయి ఎవురికీ కనపడకుండా."