తగలని నలభై రాళ్ళు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఆ ఉన్ని చిక్కు తర్వాత తీద్దువుగాని. మా అమ్మమ్మకు వాళ్ళ అమ్మమ్మ చెప్పిన మాట ఇది, జాగ్రత్తగా విను.

"ఇంటికొకడు! పెళ్ళాం బిడ్డలున్నవాడే రావాలి. ఊరు తగలబడితే పోయేదేమిటో వాడికే తెలుసు!" అని కేక వేశాడు మల్కీరాము. అతను రాజుగారి సేనాని. పదిమంది సైనికులతో మా కొండ ఎక్కి వచ్చాడు. ఎండ మండిపోతున్నా వాళ్ళ చేతుల్లో కాగడాలు వెలుగుతూనే ఉన్నాయి.

ఊరి పెద్ద బెకెరు ముందుకొచ్చాడు. "ఏమైంది దొరా?"

"మీ యకమ్యా ప్రవక్త ఏం కూశాడో తెలుసా? ఈ కొండమీది మేత బీళ్ళు రాజుగారు తన గుర్రాలకని తీసుకుంటే, కోట గుమ్మం ముందు నిలబడి, 'నీ మనవడు ఈ గద్దె మీద కూర్చోడు' అన్నాడు. రాజును శపించినవాణ్ణి సొంత ఊరివాళ్ళే రాళ్ళతో కొట్టి చంపాలి. చంపుతారా, ఊరు తగలబెట్టమంటారా?"

"శపించలేదు నాయనా, ఉన్నమాట చెప్పాను" అన్నాడు సైనికుల మధ్య నిలబడ్డ యకమ్యా. చేతులు కట్టేసి ఉన్నా గడ్డం మాత్రం పైకెత్తే ఉంది.

బెకెరు ఊరివాళ్ళ వైపు చూశాడు. ఊరివాళ్ళు నేల వైపు చూశారు.

యకమ్యా నోటికి ఊళ్ళో జడవనివాళ్ళు లేరు. అతని తిట్లు తగలని గడపా లేదు. అందరికన్నా ముందు హొగ్లా అందుకుంది.

"కొట్టెయ్యండి, పీడా పోతుంది! నా పెళ్ళినాడు పాటలు ఆపించి, 'ఏడవండర్రా, ఏడ్చే రోజులొస్తున్నాయి' అన్నాడు. పెళ్ళికూతుర్ని, నేను కూడా కూర్చుని ఏడ్చాను!"

"ఏడిస్తేనేం, మంచి మొగుడే దొరికాడుగా!" అన్నాడు యకమ్యా.

సైనికులు నవ్వారు. సేనాని నవ్వలేదు.

"సరే దొరా, కొడతాం" అన్నాడు బెకెరు. "ఒక్క మాట. ప్రవక్త అన్నవాడి నెత్తురు మా మట్టిలో పడితే ఏడేళ్ళు గింజ మొలవదు. వాగు అవతలి గట్టున నిలబెట్టండి. ఇవతలినుంచి వడిసెలలతో కొడతాం."

"ఎక్కణ్ణుంచైనా కొట్టండి. వాడు చావాలి, అంతే."

ఎండిన వాగు దాటించి, అవతల సున్నపురాతి బండ ముందు యకమ్యాను నిలబెట్టారు. రాళ్ళు వేసే ముందు ఒకరు వెళ్ళి దోషి తలమీద చెయ్యి పెట్టాలి కదా, బెకెరు వెళ్ళాడు.

"భయమేస్తోందా యకమ్యా?"

"నాకెందుకు భయం? దేవుడి చెయ్యి నా మీదుంది. నీ చెయ్యి తీసెయ్, బరువుగా ఉంది."

"ఈ పొగరుకేం తక్కువలేదు. కదలకుండా నిలబడు."

"ఎందుకు కదులుతాను? పారిపోయే రకంలా కనిపిస్తున్నానా?"

బెకెరు ఇవతలికొచ్చి మొదటి రాయి తనే విసిరాడు. అది యకమ్యా కుడిచెవి పక్కనుంచి దూసుకుపోయి, వెనక బండకు కొట్టుకుని పిండైపోయింది. యకమ్యా రెప్ప వెయ్యలేదు. రెండోది ఎడమచెవి పక్కనుంచి పోయింది. మూడోది హొగ్లా మొగుడు అష్బేలుది. గడ్డం కొసను ఊపి పోయింది.

"నీ చేతులు పడిపోను! తిన్న తిండంతా ఏమైంది?" అని హొగ్లా మొగుడి మీద విరుచుకుపడింది.

"వాణ్ణి తిట్టకమ్మాయ్!" అని అవతలినుంచి అరిచాడు యకమ్యా. "వాడు బాగానే విసిరాడు, పైనున్నవాడు పక్కకు తిప్పేశాడు! తర్వాతెవర్రా? రండి! మీ రాళ్ళయిపోతాయి గాని నా మాట అయిపోదు. గుర్రాలు కొండ దిగుతాయి, బీడు మనకే ఉంటుంది!"

పది అయ్యాయి, ఇరవై అయ్యాయి, ముప్పై అయ్యాయి. ఒకటి మడమల సందునుంచి పోయింది. ఒకటి తలపాగాను ఎగరగొట్టింది, నెత్తిమీద గీత కూడా పడలేదు. నలభై ఇళ్ళవాళ్ళూ విసిరేసరికి వెనక బండంతా పెచ్చులూడిపోయి, మధ్యలో మనిషి ఆకారమంత మేర మాత్రం నున్నగా మిగిలింది.

సేనాని మొహం పాలిపోయింది. ఒకడి చేతిలోంచి వడిసెల లాక్కుని తనే తిప్పాడు. రాయి వెనక్కి పోయి తన సైనికుడి డాలుకే ఠంగుమని తగిలింది. వాడు కాగడా కింద పడేశాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళూ పడేశారు.

"కత్తులు తియ్యండి!" అన్నాడు సేనాని.

ఎవరూ కదల్లేదు. "మీరే తియ్యండి దొరా" అన్నాడు వెనకనుంచి ఒకడు.

సేనాని చెయ్యి ఒరదాకా వెళ్ళి ఆగిపోయింది. "ఈయన మీద దేవుడి దయ ఉంది. రాజుగారికి నేనే చెప్పుకుంటాను" అని గొణిగి కొండ దిగాడు. ఆ ఏడు కోతలు కాకముందే గుర్రాలూ దిగిపోయాయి.

యకమ్యా ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు. పద్దెనిమిదేళ్ళూ ఊరిని తిడుతూనే ఉన్నాడు. బెకెరు ఎదురుపడితే చాలు, "మొదటి రాయి నీదే కదూ! దేవుడు అడ్డుపడ్డాడు గాని, మీరు చంపేసేవాళ్ళే!" అనేవాడు. "అవునయ్యా, తప్పైపోయింది" అని బెకెరు తలవంచుకుని పోయేవాడు. తిట్టి తిట్టి అలిసిపోయాక యకమ్యా హొగ్లా ఇంటికే వెళ్ళి బార్లీ రొట్టె పెట్టమనేవాడు. పెట్టేది పాపం.

ఇది గుర్తుపెట్టుకో తల్లీ, నీ కూతురికీ చెప్పు. యకమ్యా వంశంవాళ్ళు వింటుంటే మాత్రం దేవుడి దయ దగ్గరే ఆపెయ్యి. వాళ్ళు లేనప్పుడు ఈ ఒక్క మాటా కలుపు.

మా ఊళ్ళో వడిసెల గురి తప్పేవాడికి పిల్లనివ్వరు.