అరవై ఒకటో నంబరు

"విప్పెయ్. ఆ నంబరు గుడ్డ జడ్జికి ఇచ్చేసి కిందికి పోదాం," అన్నాడు ఇమ్రిఖ్.

దొరోత కదల్లేదు. ఆమె ఛాతీ మీది గుడ్డ మీద అరవై ఒకటి అని ఉంది. అంటే అరవై మంది దిగాకే ఆమె వంతు.

తత్రా కొండ మీద, పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ దిగే స్లాలం పోటీ సగానికి పైగా అయిపోయింది. యాభై ఎనిమిది మంది అప్పటికే కిందికి దిగారు. ఎర్ర కర్ర, నీలం కర్ర, ప్రతి కర్ర పక్కనా వాళ్ల స్కీలు మంచును కోసి జానెడు లోతు గాడి చేశాయి.

మొదటి విడతలో తొలి ముప్పై మందిలో నిలిస్తేనే రెండో విడత. రెండో విడతలో దిగినవాళ్లలోంచే జాతీయ జట్టు. వచ్చే ఏడాదికి దొరోత వయసు దాటిపోతుంది.

ఇమ్రిఖ్‌కి లోయలో స్కీల దుకాణం. ఏ సరుకు కదులుతుందో, ఏది అటకెక్కుతుందో చూడగానే చెప్పేస్తాడు.

"ఒక్కసారి చూస్తాను నాన్నా..."

"ఏం చూస్తావ్? పోయినేడు కోసి కుట్టిన మోకాలు అది! ఇంతమంది తొక్కేసిన దారిలో దిగి ముప్పైలోకి వచ్చినవాళ్లున్నారా? వచ్చేది లేదు, పోయేది కాలు. ఇదేం బేరం దోర్కా?" అన్నాడు, కూతుర్ని ముద్దుపేరుతో పిలుస్తూ.

"ఉన్నారు," అంది వెనక నుంచి ఓ గొంతు.

మంచు సర్దే మనిషి. స్కీల మీద అడ్డంగా జారుతూ, రాలిన మంచును పక్కకు నెట్టడం ఆమె పని. వెలిసిపోయిన కోటు, చేతిలో పార, కళ్లకు నల్లద్దాలు, ముక్కు దాకా ఉన్ని పట్టీ. యాభై దాటి ఉంటాయి.

"నీ పని నువ్వు చూసుకో అమ్మా."

"అదే చూస్తున్నా. పొద్దుట్నుంచీ ఆ వాలు మీదే ఉన్నాను. మీరు ఇక్కణ్నుంచి చూసి ధర కడుతున్నారు."

"ఈ లోయలో సగం మంది నా దగ్గర కొన్న స్కీల మీదే దిగుతారు, తెలుసా?"

"అమ్మడం వేరు, దిగడం వేరండీ."

వరసలో నిలబడ్డ అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. ఇమ్రిఖ్ చెవులు ఎర్రబడ్డాయి.

"పార పట్టినవాళ్లందరూ ఇవాళ కోచ్‌లే!"

"పార పట్టినవాళ్లకే గాడి లోతు తెలుస్తుంది," అందామె. తర్వాత దొరోత వైపు తిరిగింది. "నీకు దిగాలని ఉందా, లేదా? అది చెప్పు. మీ నాన్న కాలు కాదుగా."

"ఉంది. ఎలా దిగాలి పిన్నీ?"

"ఇప్పుడు అందరూ గాడికి భయపడి అవతలగా పోతున్నారు. అక్కడంతా వదులు మంచు గుట్టలు. పడేసేవి అవే. నువ్వు గాడిలోకే దూరు. కర్ర దాకా ఆగకు, ముందే తిరుగు. మోకాళ్లు మెత్తగా ఉంచు. దానితో కొట్లాడకు, అదే నిన్ను తిప్పుతుంది. పదకొండో కర్ర దగ్గర మాత్రం గాజులాంటి ఐసు తేలింది. అక్కడ స్కీ అంచు నొక్కావో, పోయావే."

"భయమేస్తే?"

"వెయ్యనీ. భయమేసినా పోయేది కిందికేగా!"

దొరోత నవ్వింది. గుడ్డ ముళ్లు ఇంకాస్త బిగించింది.

"దోర్కా! నా మాట వినవా?"

"ఇవాళ్టికి వినను నాన్నా."

"అరవై ఒకటి!" అని అరిచాడు జడ్జి షిమ్కో.

దొరోత దూకింది.

ఇమ్రిఖ్ కర్రలు లెక్కపెడుతున్నాడు. మూడు. ఆరు. పిల్ల గాడిలోనే ఉంది. మంచు నడుం దాకా ఎగురుతోంది. తొమ్మిది. పది.

పదకొండో కర్ర దగ్గర ఎడమ స్కీ జర్రున జారింది. దొరోత అంచు నొక్కలేదు. ఐసు మీద అలాగే జారనిచ్చి, పన్నెండో కర్రను భుజంతో కొట్టుకుంటూ పోయింది.

చివరి మనిషి కూడా దిగాక బోర్డు మీద పేర్లు వచ్చాయి.

దొరోతది ముప్పయ్యో స్థానం.

కొసన అతుక్కుందనుకున్నాడు ఇమ్రిఖ్. మరుక్షణం గుర్తొచ్చింది. రెండో విడతలో వరస తలకిందులవుతుంది. ముప్పయ్యో మనిషే మొదట దిగాలి, ఇంకా ఎవరూ తొక్కని మంచు మీద.

అతను పరుగున పక్కనున్న టీ గుడిసెలోకి వెళ్లి రమ్ము కలిపిన టీ కప్పుతో వచ్చాడు. మంచు సర్దే జట్టులో వెతికాడు. ఆమె లేదు.

"వెళ్లిపోయిందయ్యా," అన్నాడు షిమ్కో. "మనుషులు చాలడం లేదంటే వచ్చింది. మొదటి విడత వరకే ఒప్పుకుంది. ఈపాటికి రైలెక్కి ఉంటుంది."

"ఎవరామె?"

"భలేవాడివే! నీతో అంతసేపు మాట్లాడింది, గుర్తుపట్టలేదా? ఆవిడ నిన్ను గుర్తుపట్టిందే. అరవై ఒకటి ఇమ్రిఖ్ గారమ్మాయేనా అని పొద్దున్నే నన్ను అడిగింది."

"అద్దాలు, పట్టీ... మొహం కనిపిస్తేగా!"

"ఝెల్మీరా హుదాకొవా. సంఘంవాళ్లు టికెట్ ఇవ్వకపోతే స్కీలు భుజాన వేసుకుని బస్సులో ఆస్ట్రియా పోటీకి పోయింది. అరవై మూడో నంబరుతో దిగి ఏడో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత పదేళ్లు ఎవరూ ఆపలేకపోయారు."



మైకులో దొరోత పేరు పిలిచారు. లిఫ్టెక్కి మళ్లీ పైకి వచ్చిన కూతురు ఒంటరిగా, గీత పడని తెల్లటి వాలు ముందు నిలబడి ఉంది.

ఇరవై ఏడేళ్ల కిందట ఎంపిక సంఘంలో కూర్చుని, అరవై దాటిన నంబరుకి టికెట్ దండగ అంటూ ప్రయాణ జాబితాలోంచి ఝెల్మీరా హుదాకొవా పేరు కొట్టేసింది ఇమ్రిఖే.