డెలివరీ డేటు

“డెలివరీ డేటు దగ్గరికొచ్చింది. ఇగ ఆపుడు మన చేతుల లేదు. పైసల్ నేను జూస్త, నువ్వు ధైర్యంగుండు.”

బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వచ్చిన అక్సా, తడి దుప్పటి చేతిలో ఉండగానే ఆగిపోయింది. పామాయిల్ చెట్ల చాటున ఆమె భర్త సుకుమార్ అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతున్నాడు. తలనొప్పి అని ఆదివారం ప్రార్థన కూడా ఎగ్గొట్టిన మనిషి!

పెళ్లయి ఆరేళ్లు. డెలివరీ అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు. అలాంటి మాట మొగుడి నోట, చెట్టు చాటున, అంత మెత్తగా వినబడితే ఏ ఆడది ఊరుకుంటుంది? సత్తుపల్లి గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడు వంటింట్లో గిన్నెలు అదిరినట్టు ఆమె గుండె అదిరింది. అదే గనిలో ఎలక్ట్రీషియన్ సుకుమార్. నెల రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడతాడు. స్నానానికి పోతే ఫోన్ కూడా లోపలికి పోతుంది.

“ఎవరిది?” అంది అక్సా.

సుకుమార్ ఉలిక్కిపడి తిరిగాడు. “ఏంది?”

“డెలివరీ. ఎవరిదని అడుగుతున్న.”

దొంగకు తేలు కుట్టినట్టు అయిపోయింది అతని మొహం. చెట్ల వంక చూశాడు, కోతకొచ్చిన గెలల వంక చూశాడు, చివరికి బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు.

“చెప్త. కోపం చెయ్యకు. పామాయిల్ ఫ్యూచర్స్ కొన్న.”

“అంటే?”

“రాబోయే నెల సరుకుకు ఇయ్యాల్నే రేటు మాట్లాడుకునుడు. కొంచెం పైసలు కట్టి పెద్ద బేరం చెయ్యొచ్చు. క్రిస్మస్‌కి వచ్చినప్పుడు మీ క్రాంతి చెప్పలే?”

చెప్పాడు, నిజమే. అక్సా తమ్ముడు క్రాంతికుమార్ ఖమ్మంలో ఆ బేరాలు చేయించే బ్రోకర్ ఆఫీసులోనే పని చేస్తాడు. బిర్యానీ తింటున్నంత సేపూ పత్తి, పసుపు అంటూ ఏదో చెప్పాడు. ఆమె సగం వినలేదు.

“మా నాయిన తోట గెలల రేటు నాకెరికే గదా అనుకున్న,” అన్నాడు సుకుమార్. “రేటు తిరగబడ్డది. డెలివరీ డేటు లోపల వదిలించుకోవాలె. లేకుంటె మొత్తం పైసలు కట్టి సరుకు దింపుకోవాలె.”

“మరి ధైర్యంగుండమన్నది ఎవర్ని?”

“ఏజెంట్ పిల్లగాన్ని. నేను కట్టకపోతే వాడి నౌకరి పోతది.”

“ఇది మట్కానా ఏంది?”

“ఛ! సెబీ అని పెద్ద సర్కారు ఆఫీసు ముంబైల కూసోని అన్నీ జూస్తుంటది. అంతా రూల్ ప్రకారమే. దొంగపని గాదు.”

అక్సాకి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఎంత మాట అనుకుంది తను! పోతే డబ్బు పోయింది, మొగుడు మిగిలాడు.

“తప్పు చేసిన అక్సా,” అన్నాడతను. “ఒక్కసారి ఆశపడ్డ. గింతదాక వస్తదనుకోలే.”

అతని కళ్లల్లోంచి నిజంగానే నీళ్లు కారాయి. అక్సా లోపలికి వెళ్లి, పెళ్లిలో తల్లి జోజమ్మ తన మెడలో వేసిన గొలుసు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను వద్దన్నాడు. ఆమె అతని పిడికిలి మూసింది.

“క్రాంతికి మాత్రం చెప్పకు. పరువు పోతది,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే సుకుమార్ ఖమ్మం బస్సెక్కాడు. అక్సా బడికి పోయిందే గానీ పిల్లలకి లెక్కలు చెబుతుంటే సున్నాలన్నీ నూనె డ్రమ్ముల్లా కనబడ్డాయి. గొలుసు చాలకపోతే? లారీ వచ్చి గుమ్మం ముందు హారన్ కొడితే? అంత నూనె ఎక్కడ దింపుకుంటారు? మామగారు ఇన్నయ్యకి ఏం చెబుతారు? ఇంటర్వెల్‌లో ఇక మనసు ఆగలేదు. మొగుడి పేరెత్తకుండా సంగతి కనుక్కోవాలని, చింతచెట్టు కిందికి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది.

“అక్కా, బావ ఖమ్మం వచ్చిండా?” అన్నాడు క్రాంతి ఎత్తగానే. “బస్టాండుల గనబడ్డడు. పిలిస్తె ఇనలే, పెద్ద దవాఖానా దిక్కు ఆటో ఎక్కిండు.”

“అవ్, ఏదో పనుందట.” ఆ ఏజెంటు ఆఫీసు అటేనేమో అనుకుంది. “ఒకటి చెప్పు తమ్ముడూ. మా బడిల నిర్మలాదేవి టీచర్ ఉంది గదా, వాళ్లాయన ఫ్యూచర్స్‌ల ఇరుక్కుండట. డెలివరీ డేటు దాటితే సరుకు నిజంగనే ఇంటికొస్తదా?”

క్రాంతి పకపకా నవ్వాడు. “ఇంటికెందుకొస్తదక్కా, గోదాముల ఉంటది. నష్టమో కష్టమో, డేటు లోపల అమ్ముకొని బయటపడమను. ఇంకోసారి దాని జోలికి పోవద్దను.”

“కట్టిన పైసలు ఎవరన్న మింగేస్తరా?”

“గట్ల మింగితే సెబీ ఊరుకోదు. రూల్స్ గట్టిగున్నయ్. ప్రతి రూపాయికీ రసీదుంటది.”

“అయితే భయం లేదంటవ్.”

“ఏం లేదు. టీచరమ్మను కడుపునిండ తినమను.”

అక్సా గుండెల మీంచి బరువు దిగిపోయింది. సాయంత్రం అతనికి ఇష్టమని చేపల పులుసు పెట్టాలనుకుంది. పాపం, నెల రోజులుగా ఒక్కడే మోశాడు.

“ఇంతకీ ఏ సరుకక్కా? పత్తా, పసుపా?”

“పామాయిల్.”

అవతల నవ్వు ఆగింది.

“పామాయిల్ ఫ్యూచర్సా? ఎవరు చెప్పిర్రు?”

“వాళ్లాయనే చెప్పిండు. ఏం, ఎందుకు?”

“సెబీ వాటిని బందువెట్టి మూడేండ్లు దాటిందక్కా.”