రెండో చీర

రాష్ట్రం విడిపోకముందు మాట. హైదరాబాదు పోయే కారు జమ్మలమడుగులో పెంచలమ్మ ఇంటి ముందు ఆగింది. మరుసటి రోజే ఆమె ఎమ్మెల్యేగా ప్రమాణం చేయాలి. గొర్రెల కాపర్ల ఓట్ల కోసం ఆమెకు టికెట్టు ఇప్పించిన నాయకుడు పట్టుచీర పట్టుకుని తానే దిగాడు.

“ఇది కట్టుకో పెంచలమ్మా. ఆ నల్ల గొంగడి కప్పుకోని అసెంబ్లీకి పోతే నలుగురూ నవ్వరా?”

“నువ్వు పంచె కట్టుకోని పోతే సంప్రదాయం, నేను గొంగడి కప్పుకోని పోతే మోటా, అప్పా? నాకు ఓట్లేసినోళ్లంతా దీన్ని కప్పుకునేటోళ్లే. నవ్వేటోళ్లను నవ్వనీ.”

అతను చీరను ఆమె చేతిలో పెట్టబోయాడు. పెంచలమ్మ గొంగడిలోంచి చేతులు బయటికి తీయలేదు.

“మీ ఇంటి నుంచి నాకు చీర రావడం ఇది రెండోసారి. నా మొగుణ్ని మీవాళ్లు నరికినాక ఒకటి పంపిస్తివి. మన పక్క ఆ చీర కట్టుకుంటే రాజీకి ఒప్పుకున్నట్టే, కేసు వదులుకున్నట్టే. నేను దాని మడత కూడా ఇప్పలేదు.”

నాయకుడి గొంతు తగ్గింది. “అదంతా అయిపోయింది గదమ్మా.”

“యాడ అయిపోయింది? ఈ గొంగడితోనే రేపు అసెంబ్లీలో ప్రమాణం చేస్తా. సోమవారం కోర్టులోనూ చేస్తా.”

“మరి నా టికెట్టు ఎందుకు తీసుకుంటివి?”

పెంచలమ్మ గొంగడి సర్దుకుని కారెక్కింది.

“ఒంటి సాక్షిని నేను. కాపరోని పెండ్లాన్ని నరికేది సులువు. ఎమ్మెల్యేని నరికేది కష్టం గదప్పా.”