పడవలో పురుడు

"దాన్ని లేపండి, అమ్మమ్మా. శనివారం నా పెళ్లి," అన్నాడు హల్వర్.

మా మనవరాలు సిన్నోవని చేసుకోబోతున్న ఓస్లో కుర్రాడతను. చర్చి అవతలి లంకలో ఉంది. అక్కడికి వెళ్లాల్సిన మా తెడ్ల పడవలో సముద్రపు బాతు గుడ్లు పెట్టి పొదుగుతోంది.

"మెల్లిగా మాట్లాడు నాయనా. పురిటికొచ్చిన పిల్లని లేపుతామా?"

"మీరు పెంచిన బాతా?"

"కాదు, అడవి బాతే. ఏటా సముద్రం మీంచి తనే వస్తుంది. మేం గూళ్లు కట్టి పెడతాం. ఈసారి గూడు నచ్చలేదు, పడవ నచ్చింది."

"పోనీ, పక్కవాళ్ల మోటారు పడవ అడుగుదాం."

"ఆ మోతకి లంకలో బాతులన్నీ గుడ్లొదిలి పోతాయి. మా కుక్కనే చుట్టాలింటికి పంపేశాం."

హల్వర్ సిన్నోవ వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పు."

"మన పెళ్లి బొంతలో కూరిన ఈకల్లో దీనివీ ఉన్నాయి," అంది సిన్నోవ. "నిరుడు పిల్లలతో వెళ్లిపోతూ గూట్లో వదిలేసింది."

అతను వంగి పడవలోకి చూశాడు. బాతు కూడా అతన్ని చూసింది. కదల్లేదు.

హల్వర్ ఫోను తీసి, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"అమ్మా, పెళ్లి వచ్చే నెలకి మారింది. లేదు, పోట్లాడుకోలేదు. గట్టిగా మాట్లాడలేనమ్మా, ఇక్కడ పురిటికొచ్చినావిడ ఉంది."