చిట్టీ లేనిదే మోటారు లేదు

"ముందు మీరెవరో చెప్పాలి. తర్వాత ఏం కావాలో చెప్పాలి. జవాబు ఎన్ని వాక్యాల్లో కావాలో కూడా చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం మర్యాద. మంచిగా అడిగితేనే ఏఐ మంచిగా చెబుతుందండీ," అన్నాడు హరినాథ్. పటాన్‌చెరులో ఆ మోటార్ల ఫ్యాక్టరీకి ఆయన మేనేజరు.

స్టోర్ ఇన్‌చార్జి శివశంకర్ మీసం దువ్వుకుంటూ, తన బల్ల మీద కొత్తగా వెలసిన కంప్యూటర్ వంక చూశాడు. సంతకం ఉన్న చిట్టీ లేనిదే సొంత బావమరిదికైనా బోల్టు ఇవ్వని మనిషి ఆయన.

"గిదంత నాకెందుకు సార్? చిట్టీ సూస్త, సామాన్ ఇస్త. నడుమ గిదేం జేస్తది?"

"అలా అంటే ఎలాగండీ? స్టోర్‌లో ఏఐ పనిలోకి దిగిపోయిందని, దాన్ని ఎలా అడగాలో కూడా హెడ్డాఫీసుకు రాసేశాను! నా పరువు మీ చేతుల్లో ఉంది. త్వరలో పరీక్ష పెడతారు. తప్పినవాళ్ళు హత్నూర గోడౌనుకే."

శివశంకర్‌కు ముందు బర్లు గుర్తొచ్చాయి. పక్కనే కర్దనూర్‌లో తెల్లారి బర్ల పాలు పిండి డ్యూటీకి వచ్చే మనిషి. అంత దూరం హత్నూరకు తోలేస్తే బర్లను అమ్ముకోవడమే.

"ఇంకో మాట," అన్నాడు హరినాథ్. "ఏఐ మనిషి మొహాన్నీ గొంతునీ కూడా పుట్టిస్తుంది. తెర మీద ఎవరు కనబడినా గుడ్డిగా నమ్మకండి. మొహానికి చెయ్యి అడ్డం పెట్టమనండి, పక్కకు తిరగమనండి. దొంగబొమ్మయితే చెదిరిపోతుంది."

మధ్యాహ్నం కంప్యూటర్ మోగింది. తెర మీద ఎండీ వెంకటేశ్వరరావు!

శివశంకర్ ఎగిరి నిలబడ్డాడు. ఆయన్ని ఒక్కసారే, దసరా ఆయుధపూజ నాడు, జనం వెనక నుంచి చూశాడు. కొబ్బరికాయ కుళ్ళిందని ఆ రోజు ఎండీ పూజారిని సైతం వదల్లేదు.

"నమస్కారం. నేను ఈ కంపెనీ ఎండీని. నాకు పది హార్స్‌పవర్ మోటారు ఒకటి కావాలి. గేటు దగ్గర లారీ ఉంది, చిట్టీ తర్వాత పంపిస్తాను. దయచేసి రెండు వాక్యాల్లో జవాబు చెప్పండి."

శివశంకర్‌కు అనుమానం పుట్టింది. ఆ మనిషి నోట దయచేసి అన్న మాటా? పైగా వాక్యాల లెక్క! ఇదే పరీక్ష అయ్యుంటుందనుకున్నాడు.

"చిట్టీ లేనిదే మోటారు లేదు. నువ్వు ఎండీవని సాక్ష్యమేంది?"

"చాలా మంచి ప్రశ్న. నన్నేం చేయమంటారో చెప్పండి."

"మొహానికి చెయ్యి అడ్డం పెట్టు."

పెట్టాడు.

"అటు తిరుగు. ఇగ ఇటు. జెర నాలుక బయటికి తియ్యి."

ఎండీ బుద్ధిమంతుడిలా నాలుక చాపాడు. బొమ్మ ఎక్కడా చెదరలేదు గానీ, శివశంకర్ అనుమానం మాత్రం గట్టిపడింది. నిజం ఎండీ అయితే ఈపాటికి చెప్పు తీసేవాడు.

"దొరికినవ్ బిడ్డా! ఎవల్ని మోసం జేస్తున్నవ్? నడువ్!"

"ధన్యవాదాలు," అన్నాడు తెర మీది మనిషి. శివశంకర్ వైరు పీకేసి హరినాథ్ గదికి పరుగెత్తాడు.

"పాసైన సార్! దొంగ ఎండీని పట్టిన! నాలుక గుడ తీయించిన!"

"పరీక్ష సోమవారమండీ! బొమ్మ చెదిరిందా?"

"లే."

"కొంప ముంచారు! ఆయనేనండీ!"

శివశంకర్ మీసం వాలిపోయింది. హత్నూర గోడౌను, అమ్ముడుపోయిన బర్లు కళ్ళ ముందు కదిలాయి. ఇంతలో హరినాథ్ ఫోన్ మోగింది. ఎండీ. హరినాథ్ స్పీకర్ నొక్కాడు.

"హరినాథ్! పరీక్షిద్దామని స్టోర్‌లో చిట్టీ లేకుండా మోటారు అడిగాను. నాకే ఇవ్వలేదయ్యా!"

"సార్, అది పెద్ద పొరపాటు..."

"పొరపాటు నీ మొహం! కంపెనీకి కావలసింది అదే. స్టోర్‌లోంచి కదిపావంటే నీ తోలు తీస్తా!"

శివశంకర్ ఫోన్‌కే చేతులు జోడించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేనేజర్‌ను ఇలా తిట్టే మనిషి తనతో అంత మర్యాదగా మాట్లాడాడంటే, అది తన నిజాయితీకి దక్కిన గౌరవమే! చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

"అన్నట్టు హరినాథ్," అన్నాడు ఎండీ, "ఆ ఏఐకి మీసాలెవడు పెట్టాడయ్యా?"