అత్త ఎత్తిన శ్రుతి

ఆ దీవిలో నాండి పట్నం బజారంతా వరదలో మునిగిన ఏడాది అది.

"మళ్లీ క్రాష్!" అపెనీసా కంప్యూటర్ ముందు నుంచి విసురుగా లేచాడు.

చర్చి బృందం పోటీకి పంపాల్సిన పాటను రికార్డు చేసింది అతడే. పాట ఎత్తుకునే లిటియా అత్త గొంతు మీద శ్రుతి సరిచేసే ప్లగిన్ పెట్టగానే సాఫ్ట్‌వేర్ మొత్తం మూసుకుపోతోంది. తీసి మళ్లీ ఎక్కించాడు, పాత వెర్షన్ కూడా వేసి చూశాడు. లాభం లేదు. రేపటికి పాట సరికాకపోతే అత్తను తప్పించి, వేరే ఆమెతో పాడించి పోటీకి పంపుతానన్నాడు బృందం పెద్ద జొసైయా.

"నా గొంతు దానికి మింగుడు పడట్లేదేమోరా," అంది అత్త, చాప మీద కర్రపెండలం చెక్కు తీస్తూ.

"నవ్వకు అత్తా. నువ్వు శ్రుతి కంటే కిందికి పాడావు."

"ఎవరి శ్రుతి?"

"కంప్యూటర్‌ది."

"అదెప్పుడు చేరిందిరా మన బృందంలో? మనకి వాయిద్యం లేదు. నేను ఎత్తుతాను, మిగతావాళ్లు నన్ను పట్టుకుంటారు. ఆ సరిచేసేదాన్ని పీకేసి అందరినీ కలిపి విను."

విసుక్కుంటూనే తీసేసి విన్నాడు. ఇంతవరకూ అతడు అత్త గొంతును విడిగానే విన్నాడు. ఇప్పుడు నలభైమందీ ఆమె దిగినచోటే దిగారు. ప్లగిన్ పనిచేసి ఉంటే ఆమె ఒక్కతే అందరికీ దూరమయ్యేది.

"అత్తా, నీ శ్రుతి తప్పిందని జొసైయాతో చెప్పింది నేనే."

"తెలుసులే. ఆ పెట్టె ముందు నువ్వు తప్ప ఇంకెవడు కూర్చుంటాడు?"

మర్నాడు పొద్దున్నే అతడు జొసైయా ఇంటికి పోయి, పాటను ఉన్నదున్నట్టు వినిపించి, తప్పుగా విన్నది తానేనని చెప్పాడు.